పేపర్లున్న ల్యాబ్‌కు తుంటి ఎక్స్‌రే ఉందా?

హన్మకొండలోనో కాజీపేటలోనో ల్యాబ్రడార్ పిల్లను కొనబోయేవారికి ముందుగా వినిపించే మాటలు మూడు: "కె.సి.ఐ. పేపర్లున్నాయి, హెవీ బోన్, ఇంజెక్షన్లు అయిపోయినయి." మూడూ నిజమే కావచ్చు. అయినా ఆ పిల్ల తల్లి కీళ్లు ఎలా ఉన్నాయో, తండ్రి చూపు ఎన్నేళ్లు నిలుస్తుందో వాటిలో ఒక్కటీ చెప్పదు. పేపరు వంశం చెబుతుంది, బోన్ కంటికి ఇంపు, ఇంజెక్షన్ బయటి జబ్బుకు అడ్డు. పుట్టుకతో వచ్చే జబ్బు ఈ మూడింటి సందుల్లోంచి జారిపోతుంది.

జాతి కుక్కల పెంపకంపై చర్చ మన దగ్గర చిక్కుపడింది సరిగ్గా ఇక్కడే. ఒకరు 'బాధ్యత' అంటే పేపర్లు అనుకుంటారు, మరొకరు లైసెన్సు అనుకుంటారు, ఇంకొకరు విదేశాలకు పంపే జన్యు పరీక్ష అనుకుంటారు. అసలు పరాయి జాతిని ఈ ఎండల్లో పెంచడమే బాధ్యత లేని పని అనేవారూ ఉన్నారు. వీళ్లంతా ఒకే ప్రశ్నకు వేరు వేరు జవాబులు చెబుతున్నట్టు కనిపిస్తారు గానీ, నిజానికి ఎవరి ప్రశ్న వారిది. ఆ ప్రశ్నలను విడదీసి చూడటానికి ల్యాబ్రడార్ మంచి ఉదాహరణ. ప్రపంచంలో అతి ఎక్కువగా పరీక్షలు జరిగిన జాతుల్లో అదొకటి. మన పట్టణాల్లో ఇళ్లకు బాగా చేరిన జాతీ అదే.

వంశావళి ముందు, ఆరోగ్యం తర్వాత

1873లో ఇంగ్లండులో కెన్నెల్ క్లబ్ పుట్టింది కుక్కల ప్రదర్శనలకు, వేట పోటీలకు ఒక కట్టుబాటు ఉండాలని. ఏ కుక్క ఎవరి సంతానమో రాసిపెట్టే స్టడ్ బుక్ ఆ అవసరంలోంచే వచ్చింది. ల్యాబ్రడార్‌ను ఆ క్లబ్ 1903లో ప్రత్యేక జాతిగా గుర్తించింది. కాలక్రమంలో తల్లీ తండ్రీ ఇద్దరూ పుస్తకంలో ఉంటేనే పిల్లకు చోటు అన్న నియమం బిగిసింది. బయటి రక్తానికి తలుపు మూసే ఈ పద్ధతినే చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కె.సి.ఐ.) వరకు అందరూ కొద్దిపాటి తేడాలతో అనుసరించారు.

ఆరోగ్యం సంగతి చాలా ఆలస్యంగా వచ్చింది. కుక్కల్లో తుంటి కీలు సరిగా అమరకపోవడాన్ని అమెరికాలో ష్నెల్ అనే పశువైద్యుడు 1935లో వర్ణించాడు. దాన్ని అరికట్టే ఏర్పాట్లు మొదలవడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. తన వేట ల్యాబ్రడార్లు కుంటివవుతుంటే చూసి ఊరుకోలేక పారిశ్రామికవేత్త జాన్ ఓలిన్ చొరవ తీసుకోగా 1966లో అమెరికాలో ఓ.ఎఫ్.ఏ. సంస్థ ఏర్పడింది. బ్రిటన్‌లో, జర్మనీలో ఇలాంటి పథకాలు ఆ దశాబ్దంలోనే మొదలయ్యాయి. 2005లో టాషా అనే బాక్సర్ కుక్క జన్యుపటం అచ్చయ్యాక డి.ఎన్.ఏ. పరీక్షలు వరసకట్టాయి. 2008లో బి.బి.సి. ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ ప్రదర్శన కుక్కల జబ్బులను జనం ముందు పెట్టేసరికి ఆ సంస్థే మరుసటి ఏడాది క్రఫ్ట్స్ ప్రదర్శన ప్రసారాన్ని మానుకుంది. 2010లో ప్యాట్రిక్ బేట్సన్ విచారణ నివేదిక వచ్చింది. అంతదాకా పెంపకందార్ల మధ్య ఉన్న గొడవ అప్పుడు వీధిలోకొచ్చింది.

తుంటి కథ

తుంటి కీలు ఒక గిన్నె, అందులో తిరిగే ఒక గుండు. గిన్నె లోతు తక్కువైనా, కీలు వదులైనా గుండు ఒరుసుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎముక అరిగి కీళ్లవాతంగా మారుతుంది. పుట్టినప్పుడు పిల్ల కీలు మామూలుగానే ఉంటుంది. యాభై రోజుల పిల్లను ఎత్తుకుని, కాళ్లు లాగి చూసి "మంచిగుంది" అనడంలో అర్థం లేనిది అందుకే.

దీన్ని కొలిచే పద్ధతులు ప్రధానంగా మూడు. ఓ.ఎఫ్.ఏ.కి కుక్క వయసు 24 నెలలు నిండాలి; ముగ్గురు నిపుణులు విడివిడిగా ఎక్స్‌రే చూసి 'ఎక్సలెంట్' నుంచి 'సివియర్' దాకా ఏడు మెట్లలో ఒకటి నిర్ణయిస్తారు. బ్రిటిష్ పద్ధతిలో ఏడాది నిండితే చాలు. ఒక్కో తుంటికి 0 నుంచి 53, రెండూ కలిపి 106 దాకా మార్కులు వేస్తారు. తక్కువ వస్తే మంచిది. మన పరీక్షలకు తలకిందులు లెక్క కాబట్టి, విదేశీ పేపరు చూపించి "నలభై మార్కులొచ్చాయి" అని మురిసిపోయే ప్రమాదం ఉంది. మూడోది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గెయిల్ స్మిత్ 1983లో మొదలుపెట్టిన పరిశోధనలోంచి వచ్చిన పెన్‌హిప్. కీలు ఎంత వదులుగా ఉందో అంకెలో చెబుతుంది, 16 వారాల వయసులోనే చేయవచ్చు. మొదటి రెండూ జరిగిన నష్టాన్ని చూపిస్తే మూడోది జరగబోయేదాన్ని పసిగడుతుంది. అయితే దానికి ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుడు కావాలి. మూడింటికీ సాధారణంగా కుక్కను మత్తులో పెట్టి కాళ్లు సరిగ్గా అమర్చాలి; అమరిక తప్పితే మంచి తుంటి చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనిపిస్తుంది.

పద్ధతుల తగువు కన్నా పెద్ద తగువు కారణం మీద. తుంటి లోపం ఒక్క జన్యువు పని కాదు, అనేకం కలిసి చేసే పని; అందులో వంశం వాటా ఎంత, పెంపకం వాటా ఎంత అన్నది జాతిని బట్టి, లెక్కగట్టిన తీరును బట్టి మారుతుంది. పెంపకానిదే పెద్ద వాటా అనేవారి చేతిలో బలమైన ఆధారం ఉంది. అమెరికాలో 48 ల్యాబ్రడార్ పిల్లలను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవాటికి కీళ్లవాతం తగ్గింది, ఆలస్యంగా వచ్చింది. మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్ల నుంచి 13కు పెరిగింది. నార్వేలో ల్యాబ్రడార్‌తో సహా నాలుగు పెద్ద జాతులపై జరిగిన అధ్యయనం, మూడు నెలల లోపు రోజూ మెట్లెక్కి దిగిన పిల్లల్లో తుంటి లోపం ఎక్కువనీ, మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగినవాటిలో తక్కువనీ తేల్చింది. గ్రానైటు పరిచిన మూడో అంతస్తు ఫ్లాటులో పిల్లను మెట్ల మీదుగా తిప్పే మన అలవాటును ఆ ఫలితం పక్కన పెట్టి చూసుకోవాలి.

వంశమే ముఖ్యం అనేవారి వాదన కూడా తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని పెరిగిన రెండు పిల్లల్లో ఒకటి కుంటుతుంది, ఇంకొకటి కుంటదు. పైగా 'తిండి' కూడా కొంత వంశమే: 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు పి.ఒ.ఎం.సి. అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని, అలాంటి కుక్కలు తిండి కోసం ఎక్కువగా వెంపర్లాడతాయని, బరువెక్కుతాయని చూపారు. గిన్నె ఖాళీ అయినా తోక ఊపుతూ నిలబడే కుక్కను చూసి యజమాని కరిగిపోతాడు. బరువు తుంటి మీద పడుతుంది.

రెండు పక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది: పిల్లను తొందరగా లావుగా, బరువుగా పెంచడం చేటు. మన సంతలో ధర పెంచే 'హెవీ బోన్' సరిగ్గా అదే. మూడు నెలలకే దుక్కలా కనిపించే పిల్లకు గిరాకీ ఉన్నన్నాళ్లు ఎక్స్‌రే చేయించిన పెంపకందారు కన్నా అన్నం ముద్దలు, కాల్షియం టానిక్కులు దట్టించినవాడే లాభపడతాడు. పెద్ద జాతి పిల్లలకు అదనపు కాల్షియం ఎముకల ఎదుగుదలను చెడగొడుతుందని పోషణ శాస్త్రం ఎప్పుడో తేల్చింది. ఆ సీసా మాత్రం మన కౌంటర్ల మీద నుంచి కదల్లేదు.

బుగ్గ లాలాజలంతో తేలేవి

జన్యు పరీక్షల లోకం తుంటి లోకం కన్నా సరళం. ల్యాబ్రడార్లలో కండరాలు క్షీణించే సి.ఎన్.ఎం., మెల్లగా చూపు పోయే పి.ఆర్.ఎ., కసరత్తు చేస్తే కూలిపోయే ఇ.ఐ.సి. ఒక్కొక్కటీ ఒక్క జన్యువు లోపం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు కలిస్తేనే జబ్బు. ఒక్కటే ఉంటే ఆ కుక్క క్యారియర్, పైకి ఆరోగ్యంగానే ఉంటుంది. ఇద్దరు క్యారియర్లను కలిపితే సగటున నాలుగింట ఒక పిల్లకు జబ్బు. క్యారియర్‌ను శుభ్రమైనదానితో కలిపితే ఒక్క పిల్లకూ రాదు. మత్తు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు; బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి పోస్టులో పంపితే చాలు.

వీటిలో ఇ.ఐ.సి. మనకు ప్రత్యేకంగా పట్టాల్సింది. 2008లో దాని జన్యులోపాన్ని మిన్నెసోటా విశ్వవిద్యాలయ బృందం గుర్తించింది. అమెరికా ల్యాబ్రడార్లలో సుమారు మూడో వంతు క్యారియర్లని లెక్క తేలింది. ఉత్సాహంగా పది పదిహేను నిమిషాలు బంతి వెంట పరిగెత్తిన కుక్క వెనక కాళ్లు తడబడి కూలబడుతుంది, ఒంటి వేడి బాగా పెరుగుతుంది. ఇది వరంగల్ మే నెలలో జరిగితే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? వడదెబ్బ. నీళ్లు చల్లుతారు, తేరుకుంటుంది, సంగతి మరిచిపోతారు. ఆ కుక్కకే మరుసటి ఏడాది క్రాసింగ్ చేయిస్తారు. ఎండాకాలం మన దగ్గర ఒక వంశపు జబ్బుకు ముసుగు వేస్తోంది.

ఇంత సులువైతే చెడ్డ జన్యువున్న ప్రతిదాన్నీ పెంపకం నుంచి తీసేస్తే సరిపోదా? జాతిలో జన్యు వైవిధ్యం తగ్గకూడదనే పక్షం ఇక్కడ అడ్డం వస్తుంది. వాళ్లు తరచూ చెప్పే ఉదాహరణ బసెంజి అనే ఆఫ్రికా జాతి. 1970లలో అమెరికా పెంపకందార్లు రక్తహీనత జన్యువు మోసే బసెంజిలను పరీక్షించి వరసపెట్టి పక్కకు తప్పించారు. రక్తహీనత తగ్గింది. మిగిలిన కొద్ది కుక్కల్లో ఫాంకోని అనే మూత్రపిండాల జబ్బు పైకి లేచింది. చివరికి 1990లో ఆఫ్రికా నుంచి తెచ్చిన కుక్కల కోసం స్టడ్ బుక్ తెరవాల్సి వచ్చింది. డాల్మేషియన్‌ది ఇంకా విచిత్రం: ఆ జాతిలో మూత్రంలో రాళ్లకు దారితీసే లోపం దాదాపు అన్నిటికీ ఉంది కాబట్టి ఏరివేయడానికి 'మంచి' కుక్కే లేదు. 1973లో రాబర్ట్ షైబుల్ పాయింటర్ జాతి కుక్కతో సంకరం చేసి, తరతరాలుగా మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ సరైన జన్యువును జాతిలోకి తెచ్చాడు. ఆ సంతతిని అమెరికన్ కెన్నెల్ క్లబ్ స్థిరంగా నమోదు చేసుకోవడానికి 2011 దాకా పట్టింది. జాతి శుద్ధి చెడుతుందేమోనని దాదాపు నలభై ఏళ్లు ఆగారు.

ఈ పక్షం చెప్పేది ఒక్క మాటలో: క్యారియర్‌ను పారేయొద్దు, శుభ్రమైనదానితో కలుపు, పిల్లలను పరీక్షించు. పేరున్న ఒకే స్టడ్ (క్రాసింగ్‌కు వాడే పోతు) కోసం ఊరంతా బారులు తీరొద్దు. స్టడ్ యజమానికి ఫీజు బదులు 'పిక్ పప్పీ' (ఈతలో అతను ఏరుకున్న పిల్ల) ఇచ్చే మన పద్ధతి ఆ పోతు రక్తాన్ని ఇంకా వేగంగా ఊరంతా పరుస్తుంది. 2016 ఏప్రిల్‌లో కేంద్రం వాణిజ్య పెంపకం కోసం కుక్కల దిగుమతిని నిషేధించింది కాబట్టి ఈ హెచ్చరిక మనకు రెట్టింపు వర్తిస్తుంది. అనాలోచితంగా విదేశీ జాతులను దించుకోవడం ఆపడంలో న్యాయముంది. అదే నిషేధం ఉన్న వంశాలనే తిప్పి తిప్పి కలిపే అవసరాన్నీ పెంచింది. రెండూ నిజాలే.

ముక్కు, రంగు

మరో పక్షానికి పరీక్షల మీద పెద్ద నమ్మకం లేదు. జబ్బు రూపంలోనే ఉంటే రూపం మార్చకుండా పరీక్షలెందుకు అని అడుగుతుంది. 2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్‌ను చూసి దేశమంతా పగ్గులు కొన్నది. పొట్టి ముక్కు కుక్క వగర్చి ఒళ్లు చల్లబరచుకోలేదు. 44 డిగ్రీల ఊళ్లో దాని గతి చెప్పనక్కర్లేదు. నెదర్లాండ్స్ ముక్కు పొడవుకు కొలత పెట్టింది. నార్వే సుప్రీంకోర్టు 2023లో కవలియర్ జాతి పెంపకాన్ని చట్టవిరుద్ధమంది. ల్యాబ్‌కు ముక్కు బాధ లేదు గానీ రంగు బాధ ఉంది: బ్రిటన్ వైద్య రికార్డుల అధ్యయనంలో చాక్లెట్ ల్యాబ్‌ల మధ్యస్థ ఆయుష్షు 10.7 ఏళ్లు, మిగతా రంగులవాటిది 12.1. అరుదైన రంగు కోసం దగ్గర చుట్టాలను కలపడమే కారణం కావచ్చని పరిశోధకుల అనుమానం.

పడమటి పట్టికలో లేనివి

విదేశీ పథకాలను యథాతథంగా దించుకుంటే మన అసలు జబ్బులు తప్పిపోతాయి. ఇక్కడ పెంపకపు కుక్కను ముందు పడగొట్టేవి పిడుదులు. గోధుమరంగు పిడుదు మోసుకొచ్చే ఎర్లీషియా, బబీసియా అనే సూక్ష్మజీవులు రక్తంలో నెలల తరబడి దాగి ఉండి, చూలు సమయంలో బయటపడవచ్చు. రెండోది సంభోగం ద్వారా అంటుకునే టి.వి.టి. కణితి: కణాలే ఒక కుక్క నుంచి మరో కుక్కకు బదిలీ అయ్యే వింత క్యాన్సర్. వీధి కుక్కలు ఎక్కువున్న చోట సాధారణం, విన్‌క్రిస్టిన్‌కు చాలావరకు లొంగుతుంది. మూడోది బ్రూసెల్లా కానిస్. చూలు ఏడెనిమిది వారాల ప్రాంతంలో జారిపోతే ముందుగా అనుమానించాల్సిన ఈ సూక్ష్మజీవి మనుషులకూ అంటుతుంది. అద్దె స్టడ్ దగ్గరికి ఆడకుక్కను తీసుకెళ్లే ముందు ఒక రక్తపరీక్ష, ఒక జననాంగ పరీక్ష. ఏ డి.ఎన్.ఏ. కిట్టు కన్నా ముందు చేయాల్సినవి ఇవి. మామునూరులో పశువైద్య కళాశాల ఉన్న జిల్లాకు ఇదేమీ అందని పండు కాదు.

చట్టం ఎంతవరకు వచ్చింది

1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద 2017 మేలో కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు వచ్చాయి. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండందే క్రాసింగ్ చేయించరాదు, ఏడాదికి ఒక్క ఈతే, జీవితంలో ఐదుకు మించరాదు, ఎనిమిదేళ్లు దాటాక వద్దు. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మరాదు. గుర్తింపు కోసం మైక్రోచిప్ ఉండాలి. దగ్గరి బంధుత్వమున్న కుక్కలను కలపరాదు. తల్లిని యంత్రంలా వాడకుండా ఆపడానికి ఇవి మంచి నియమాలు. వైద్యుడి ధ్రువీకరణ అడుగుతాయి, కానీ ఏ జాతికి ఏ పరీక్ష చేయాలన్న పట్టిక వాటిలో లేదు.

2024 మార్చిలో కేంద్రం 23 'క్రూర' జాతుల పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపమని రాష్ట్రాలకు రాసిన లేఖ ఇంకో దారి తొక్కింది. కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. ఆ నెలంతా జాతి కుక్క అంటే కరిచేదా కాదా అన్న ఒక్క చర్చే నడిచింది. నడవగలదా, చూడగలదా అన్నది ఎవరికీ గుర్తు రాలేదు.

మల్లన్న వెంట నడిచే కుక్క

ల్యాబ్ గొడవే వద్దు, మన కుక్కలే మేలు అనే పక్షం ఇటీవల బలపడింది. ఐనవోలు మల్లన్న పటాల్లో స్వామి గుర్రం పక్కన కనిపించే కుక్క ఈ నేలదే కదా అన్నది వారి భావన. కొల్లేరు వైపు బాతులు కాచిన జోనంగి, కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై ఎండకు తట్టుకుంటాయి, పొట్టి బొచ్చుతో తేలిగ్గా ఉంటాయి. వీటిలో చివరి మూడింటినీ కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ అధికారికంగా నమోదు చేసింది. ముధోల్ కోసం బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో ప్రత్యేక పరిశోధన కేంద్రమే ఉంది.

అయితే దేశీ అనగానే జబ్బులేనిది అనుకుంటే పొరపాటు. పాలలా తెల్లగా ఉండాలన్న పట్టుదలతో పెంచిన రాజపాళయంలో పుట్టుచెవుడు తెలిసిన సమస్యే. తెలుపును తెచ్చే జన్యువులు చెవి లోపలి కణాలనూ తాకుతాయి. పేరు ప్రఖ్యాతులతో గిరాకీ పెరిగి, కొద్ది పోతులతోనే పిల్లలు తీస్తే ముధోల్‌కైనా జోనంగికైనా ల్యాబ్‌కు పట్టిన గతే పడుతుంది. వీటికి ఇంకా మిగిలి ఉన్న లాభం ఒకటే: తప్పులు మొదలుకాకముందే రికార్డు మొదలుపెట్టే అవకాశం.

తేలనివి

బ్రిటన్‌లో ల్యాబ్‌కు 12 మార్కులొస్తే ఆ జాతి సగటుతో పోల్చి మంచీ చెడూ చెబుతారు. తెలుగునాట ల్యాబ్‌ల సగటు ఎంత? ఆ అంకె లేకపోతే మామునూరులో తీసినా, హైదరాబాదులో తీసినా ఎక్స్‌రే ఒంటరి బొమ్మే. సగటు రావాలంటే బాగోలేని ఎక్స్‌రేలు కూడా బయటికి రావాలి. ఇప్పుడు మంచివే చూపిస్తారు, చెడ్డవి సొరుగులో ఉంటాయి. ఖర్చు ఎవరిదన్నది కూడా తేలలేదు. పరీక్ష చేయించిన పిల్లకు పదో వంతు ఎక్కువ ధర ఇవ్వడానికి కొనేవారు సిద్ధపడితే ఆ ప్రశ్న తనంతట తానే కరుగుతుంది. ఇప్పటికైతే ఆ పదో వంతు హెవీ బోన్‌కే పోతోంది. పరీక్షలను చట్టమే తప్పనిసరి చేయాలనేవారికీ, అలా చేస్తే చిన్న పెంపకందార్లు నమోదుకే దూరమవుతారనేవారికీ మధ్య రాజీ కనబడటం లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కాలంతో. 2017 నియమాలను అక్షరాలా పాటించే పెంపకందారునే తీసుకుందాం. ఆడకుక్కకు 18 నెలలకు క్రాసింగ్ చేయిస్తాడు. ఓ.ఎఫ్.ఏ. తుది ధ్రువపత్రానికి అప్పటికింకా ఆరు నెలలుంది. రెండు నెలలకు ఈనుతుంది. ఎనిమిది వారాలు నిండాక పిల్లలు నర్సంపేటకు, జనగామకు, హైదరాబాదుకు వెళ్లిపోతాయి. ఏడాదికో ఈత చొప్పున 32 నెలలకు రెండోది, 44 నెలలకు మూడోది. మొదటి ఈత పిల్లలకు 24 నెలలు నిండి తుంటి తేలేది ఆ 44వ నెలలోనే. జనగామలో ఒక కుక్క మెట్లెక్కలేక ఆగిపోయిన రోజున, హన్మకొండలో దాని మూడో విడత తోబుట్టువులు కళ్లు తెరుస్తుంటాయి. ఆ కబురు అటు నుంచి ఇటు మోసే బాధ్యత ప్రస్తుతానికి ఏ క్లబ్బు మీదా, ఏ చట్టం మీదా, ఏ చిప్ మీదా లేదు.